మహాదేవమ్మ షెడ్డులో గురులింగప్ప బండి

ఆ వారమంతా గురులింగప్ప వస్తున్న సంగతి జహీరాబాద్ బజారుకు ముందే తెలిసిపోయేది. అతని బండి అలా అరిచేది. సైలెన్సర్ గొట్టం ఇంజిన్‌ను ఒక పక్కనే పట్టుకుని, రెండో పక్క వదులుగా వేలాడుతూ, ఆ సందులోంచి పొగ కక్కుతూ ఫట్‌ఫట్‌మని పేలేది. కూరగాయల మార్కెట్ మలుపులో కుక్కలు వెంటపడేవి. బట్టల దుకాణాల వాళ్లు మాట ఆపి, అతను దాటిపోయాక మళ్లీ బేరం మొదలుపెట్టేవాళ్లు.

గురులింగప్పది చిరాగ్‌పల్లి. అరవైకి దగ్గరపడ్డ మనిషి. చెరకు, అల్లం వేసే రైతు. ఊళ్లో పంచాయితీ జరిగితే కుర్చీ వేసి కూర్చోబెట్టే మనిషి. అలాంటివాడు బజారులోకి వస్తుంటే జనం నవ్వు ఆపుకోవడం అతనికి కనిపిస్తూనే ఉంది. మూడో రోజు అతని భార్య ఇందిరమ్మ, "నేను ఆటోల పోత. నువ్వు నీ మోతతోని రా" అని చెప్పి రోడ్డు మీద దిగిపోయింది.

అసలు మొదలైంది చిన్న పనితోనే. గొట్టం దగ్గర కొంచెం గాలి లీకవుతోందని బస్టాండు పక్కనున్న శివశంకర్ అనే మెకానిక్‌కు చూపించాడు. ఇంజిన్ హెడ్డులోకి రెండు ఇనుప స్టడ్లు బిగించి ఉంటాయి. చిటికెన వేలి పొడవు కూడా ఉండవు. వాటికి నట్లు వేసి సైలెన్సర్ గొట్టాన్ని పట్టిస్తారు. ఎన్నో వానలకు తడిసి, ఇంజిన్ వేడికి ఎండి, ఆ స్టడ్లు తుప్పుతో హెడ్డులో అతుక్కుపోయాయి. శివశంకర్ పానా వేసి గట్టిగా తిప్పాడు. నట్టు తిరగలేదు, స్టడ్డే విరిగింది. అదీ హెడ్డు అంచుకు సమానంగా విరిగింది, పట్టుకోవడానికి ఏమీ మిగలకుండా. దాన్ని డ్రిల్లు వేసి తీద్దామని చూస్తే డ్రిల్లు జారి రంధ్రం ఒక పక్కకు పడింది. అప్పుడు చేతులు తుడుచుకున్నాడు.

"హెడ్డు ఇప్పి హైదరాబాద్ పంపాలె. అది అల్యూమినియం. జర అటిటయిందంటే హెడ్డే ఖరాబయితది" అన్నాడు.

గురులింగప్ప ఇంకో ఇద్దరికి చూపించాడు. వాళ్లూ లైటు వేసి చూసి వద్దన్నారు. ఇద్దరూ చివర్లో ఒకే మాట అన్నారు. "ఆ షెడ్డుకు పోరాదు? ఆమె తీస్తది."

ఆమె పేరు అతని ముందు ఎవరూ పలకరు.

ఆమె పేరు మహాదేవమ్మ. గురులింగప్ప తమ్ముడు మల్లేశ్ భార్య. న్యాల్‌కల్ దిక్కు ఊరి నుంచి ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. పుట్టింట్లో కన్నడం, మెట్టినింట్లో తెలుగు, షెడ్డుకు వచ్చేవాళ్లతో హిందీ. పెళ్లయిన కొత్తలో, బజారులో బండ్లు బాగుచేసే షెడ్డు నడిపే మల్లేశ్‌కు అన్నం గిన్నె తెచ్చి ఇచ్చి వెళ్లిపోయేది. తర్వాత తర్వాత వెళ్లకుండా అక్కడే కూర్చుని పానాలు అందించేది. ఇంకొన్నాళ్లకు పానా పట్టింది. చక్రాలు విప్పడం, చైను బిగించడం, కార్బురేటర్ కడగడం అన్నీ ఆ షెడ్డులోనే నేర్చుకుంది. అప్పట్లో బావ వస్తే కొంగు నెత్తిన కప్పుకుని లేచి నిలబడేది. ఆయనను మీరు అనేది.

నాలుగేళ్ల కింద మల్లేశ్ ఒక బండి బాగుచేసి, నడిపి చూద్దామని హైవే మీదికి తీసుకెళ్లాడు. లారీ తగిలింది. దవాఖానకు చేరేలోపే పోయాడు.

దినాలు అయిన మర్నాడు గురులింగప్ప షెడ్డుకు తాళం వేశాడు. ఆ జాగా తండ్రి ఇద్దరు కొడుకుల పేర కొన్నది. అయినా అతను ఎవరినీ అడగలేదు. మహాదేవమ్మ వచ్చి తాళం చూసింది. ఇంటికి పోయి ఏడవలేదు. పక్కనే హోటల్ నడిపే బస్వరాజ్ దగ్గర సుత్తి అడిగి తీసుకుని, బజారంతా చూస్తుండగా తాళం పగలగొట్టింది. గురులింగప్ప ఆమె మీద స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాడు. చిన్నపిల్ల అయిన కూతురు కావ్యను పక్కన పెట్టుకుని పొద్దంతా ఆమె అక్కడ బెంచీ మీద కూర్చుంది. ఇంటి గొడవ ఇంట్లో చూసుకొమ్మని పంపేశారు. ఆ తర్వాత అతను కరెంటు కోయించాడు. మీటరు తన పేరు మీద ఉంది కాబట్టి అది అతని చేతిలో పని. ఆ ఎండాకాలం ఆమె ఫ్యాను లేకుండా, చేతిపంపుతో టైర్లకు గాలి కొడుతూ, చేతి పనిముట్లతో బండ్లు చేసింది. తన పేరున మీటరు వచ్చేదాకా కరెంటాఫీసు చుట్టూ తిరిగింది. అది వచ్చాక వెల్డింగ్ మిషన్ కొని, విరిగిన స్టాండ్లు, ఫుట్‌రెస్టులు అతికించడం మొదలుపెట్టింది. గురులింగప్ప మాత్రం ఎరువుల దుకాణంలో, హోటళ్లలో, పెళ్లిళ్లలో ఒకటే మాట చెప్పేవాడు. ఆడమనిషి చేతికి బండి ఇస్తే రోడ్డు మీద ప్రాణం ఇచ్చినట్టేనని.

కొందరు ఆ మాట విని వేరే చోటికి పోయారు. ఆమెకు తెలుసు.

అలాంటి షెడ్డు ముందు ఒక బుధవారం పొద్దున ఫట్‌ఫట్‌మంటూ వచ్చి గురులింగప్ప బండి ఆపాడు. షెడ్డు ముందు కాదు, సరిగ్గా పక్కన, బస్వరాజ్ హోటల్ ముందు. మహాదేవమ్మ కింద కూర్చుని ఒక బండికి చైను ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"బస్వరాజ్, బండి చూస్తదా అని అడుగు" అన్నాడు గురులింగప్ప.

బస్వరాజ్ చేతిలో గ్లాసులు పట్టుకుని ఇద్దరినీ చూశాడు. ఇద్దరి మధ్య మంచం పట్టేంత దూరం కూడా లేదు.

"అక్కా, గురులింగన్న..."

"ఇన్న. చెవులున్నయి నాకు" అంది మహాదేవమ్మ. "ఎవరు తెంపిన్రో అడుగు."

"శివశంకర్ అని చెప్పు."

"డ్రిల్లు గూడ ఆయ్ననే ఏసిండా?"

"ఏసిండని చెప్పు."

బస్వరాజ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా అన్నీ చేరిపోతున్నాయి.

మహాదేవమ్మ చైను బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకుని లేచింది. బండి చుట్టూ తిరిగి, ముందు వంగి, చిన్న అద్దం పెట్టి విరిగిన చోటు చూసింది. ఆ బండిని ఆమె ఎరుగును. అన్నదమ్ములు కలిసి ఉన్నప్పుడు షోరూముకు పోయి మల్లేశే ఏరి తెచ్చిన బండి అది. స్టడ్డు ముఖం మీద డ్రిల్లు రంధ్రం అడ్డదిడ్డంగా పడి, ఒక పక్క అల్యూమినియాన్ని గీరింది. ఇంకొంచెం పోతే స్టడ్డు బిగుసుకునే మరలే పోయేవి.

"చేస్త. గని మనిషి ఇక్కడ్నే నిలబడాలె. నేను ముట్టుకున్నకాడ్నించి అయిపోయేదాంక. రేపు బజార్ల నేను పాడుచేసిన్నని చెప్పొద్దు."

గురులింగప్ప ముఖం ఎర్రబడింది. బండి తిప్పుకుని పోతాడనే అనుకున్నాడు బస్వరాజ్. పోతే మళ్లీ ఆ మోతతోనే పోవాలి.

"నిలబడ్తడని చెప్పు" అన్నాడు గురులింగప్ప.

బండిని తోసి షెడ్డులోకి తెచ్చారు. తమ్ముడు పోయాక అతను ఆ గడప లోపలికి రావడం అదే మొదటిసారి. గోడకు మల్లేశ్ ఫోటో ఉంది. దాని వైపు చూడకుండా ఉండటానికి అతను మెడ బిగపట్టుకున్నాడు. ఆమె అది గమనించింది.

ముందు పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా, బయట నీడలో పెట్టింది. బ్యాటరీ వైరు తీసింది. గొట్టం విప్పి పక్కన పడేసింది. ఇప్పుడు హెడ్డు ముఖం, అందులో విరిగిన ఇనుప చుక్క బయటపడ్డాయి. దాన్ని ఆకురాయితో, చుట్టుపక్కల తగలకుండా, శుభ్రంగా గీకింది.

అప్పుడు ఆమె మనసులోకి ఒక ఆలోచన వచ్చింది. ఈ పనిలో చెయ్యి ఒక్కసారి జారితే చాలు, హెడ్డు పోతుంది. ఎవరూ తనను అనరు, శివశంకర్ ముందే పాడుచేసి పంపాడు. ఈ మనిషి ఇంకో నెల అదే మోతతో బజారులో తిరుగుతాడు, కుక్కలు వెంటపడతాయి. ఆ ఆలోచన ఆమెకు తియ్యగా ఉంది. కాసేపు దాన్ని అలాగే ఉండనిచ్చింది. తర్వాత పక్కన పెట్టింది. మంచితనం వల్ల కాదు. ఈ మనిషి కోసం తన చేతికి చెడ్డపేరు తెచ్చుకోవడం ఇష్టం లేక.

"లైటు పట్టు" అంది.

గురులింగప్ప బస్వరాజ్ కోసం చూశాడు. బస్వరాజ్ స్టవ్వు దగ్గర ఉన్నాడు.

"నిన్నే. లైటు ఇటు పట్టు. అటు గాదు, కింద నుంచి."

గురులింగప్ప ఫోను లైటు వేసి వంగాడు. ఆమె తనను నువ్వు అన్నదని అతనికి తెలిసింది. అయినా లైటు ఆమె చెప్పినట్టే కింద నుంచి పట్టాడు.

పద్ధతి చెప్పడానికి తేలికే. విరిగిన స్టడ్డు మీద ఒక నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డింగ్ చేస్తే, ఇనుముకు ఇనుము అతుక్కుంటుంది. చుట్టూ ఉన్న అల్యూమినియానికి అతుక్కోదు. ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది. చల్లారాక నట్టుకు పానా వేసి తిప్పితే, స్టడ్డు కూడా వెంట తిరిగి రావాలి. వస్తుందని రాసిచ్చేవాళ్లు ఎవరూ లేరు.

మహాదేవమ్మ మిషన్ ఆన్ చేసింది. అది బుర్రున మోగింది.

"ఫికర్ చేయకు" అంది, నల్లద్దం ముఖానికి పెట్టుకుంటూ. "ఈ మీటరు నా పేరు మీద ఉన్నది. మధ్యల ఎవరు కోయించరు."

గురులింగప్ప పక్కకు చూశాడు. నిప్పురవ్వలు లేచాయి. ఆగాయి. పొగ పైకప్పు రేకులకు తగిలి విడిపోయింది. ఇద్దరూ చల్లారేదాకా ఆగారు. ఆమె పానా వేసి మెల్లగా, మణికట్టుతో మాత్రమే తిప్పింది. నట్టు కదిలింది. ఆమె కళ్లు వెలిగాయి. మరుక్షణం నట్టు ఒక్కటే చేతిలోకి ఊడి వచ్చింది. స్టడ్డు ఉన్నచోటే ఉంది.

"ఊడింది" అన్నాడు గురులింగప్ప. గొంతులో సంతోషం దాగలేదు.

"అన్నా, ఊడింది నీ బండికే" అన్నాడు అప్పుడే టీ పట్టుకొచ్చిన బస్వరాజ్.

ఆమె గ్లాసు తీసుకోలేదు. నట్టును మూలకు విసిరేసింది.

"నా తమ్ముడుంటే ఇట్ల తెంపకపోవు" అన్నాడు గురులింగప్ప.

మహాదేవమ్మ అతని వైపు తిరిగింది. ఆ షెడ్డులో ఆమె అతని ముఖంలోకి నేరుగా చూడటం అదే మొదలు.

"నీ తమ్మునికి ఈ పని రాదు. ఇసొంటియి వస్తే ఆయ్న గూడ హైదరాబాదే పంపేటోడు. ఇది నేను నేర్చుకున్న. ఆయ్న పోయినంక, అన్నం కోసం నేర్చుకున్న."

"పోయిండు అంటవు. ఎట్ల పోయిండు? ఈ షెడ్డుల పడే పోయిండు. ఈ పని మానుకో, పొలం చేసుకుందం అని నేను ఎన్ని పార్లు చెప్పిన. ఇన్నడా? నువ్వు మాన్పించినవా? నువ్వు గూడ పానా పట్టుకుని కూసున్నవు." అతని గొంతు పెరిగింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ఆగారు. "నాకు ఈ రేకుల షెడ్డు చూస్తేనే కడుపుల మంట. అందుకే తాళమేసిన. ఇది ఉండొద్దని ఏసిన."

బస్వరాజ్ గ్లాసులు తీసుకుని మెల్లగా వెనక్కి పోయాడు.

మహాదేవమ్మకు ఇది కొత్త మాట. ఇన్నాళ్లూ అతను జాగా కోసమే చేశాడనుకుంది. ఒక్క క్షణం తడబడింది. కానీ ఆమె లోపల మెత్తబడింది ఏమీ లేదు. ఇంకా మండింది.

"బాధ నీ ఒక్కనిదేనా? ఆయ్న నా మొగుడు. నీకు బాధయితే నా కరెంటు కోయిస్తవా? నా పిల్లను ఠాణల కూసోబెడ్తవా? ఊరూరు తిరిగి నా చెయ్యి మంచిది గాదని చెప్తవా? ఈ షెడ్డు లేకపోతే నేను, కావ్య ఏం తినాల్నో ఒక్కనాడన్న అడిగినవా?"

"ఇంటికి రమ్మన్న."

"వంట చేసిపెట్ట రమ్మన్నవు. నేను రాలె."

గురులింగప్ప ఆరిపోయిన ఫోను లైటు మళ్లీ వేశాడు.

తర్వాత ఆమె మళ్లీ కింద కూర్చుంది. ఈసారి తొందరపడలేదు. స్టడ్డు ముఖాన్ని మళ్లీ మెరిసేదాకా గీకింది. ముందు నట్టు పెట్టకుండా, విరిగిన ఇనుము మీదే చుక్క చుక్కగా వెల్డింగ్ పోసి చిన్న బొడిపెలా లేపింది. ఆ బొడిపె మీద ఒక వాషర్ పెట్టి అతికించింది. దాని మీద పెద్ద నట్టు పెట్టి మళ్లీ అతికించింది. వేడి తగ్గక ముందే, ఫోటో ముందుండే మొంబత్తి తీసి, స్టడ్డు అంచుకు తాకించింది. తిప్పితే జారేలా, మైనం కరిగి సన్నటి గీతలా మరల్లోకి ఇంకిపోయింది. గురులింగప్ప చెప్పకుండానే లైటు సరైన చోట పట్టాడు. ఒకసారి రవ్వ ఎగిరి మణికట్టు మీద పడితే చెయ్యి కదల్చలేదు.

చల్లారుతుంటే ఇద్దరూ ఇంజిన్‌నే చూస్తూ కూర్చున్నారు. బండి పక్కకు ఒరగకుండా అతను హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు.

"ఇప్పుడు కదలకు" అంది.

పానా వేసింది. ముందు బిగించే వైపు, వెంట్రుకవాసి. తర్వాత విప్పే వైపు. కీచుమంది. ఆపింది. ఒక చుక్క నూనె వేసి మళ్లీ అటూ ఇటూ. కీచుశబ్దం గరగరగా మారింది. పావు చుట్టు తిరిగింది. ఆమె బలవంతం చేయలేదు. వెనక్కి తెచ్చి, మళ్లీ ముందుకు. సగం చుట్టు. ఇద్దరి తలలూ దాదాపు తగిలేంత దగ్గరగా వంగి ఉన్నాయి. ఆ తర్వాత పానా ఒక్కసారిగా తేలికైంది. తుప్పు రంగు మరలు బయటికి రావడం మొదలైంది. ఆమె మిగతాది పట్టకారుతో తిప్పి తీసింది.

గురులింగప్ప ఊపిరి వదిలాడు. అది ఆమెకు వినిపించింది.

ఆమె దాన్ని అతని చేతికి ఇవ్వలేదు. పట్టకారు వదిలి అతని కాళ్ల ముందు పడేసింది. అతను వంగి తీసుకున్నాడు. ఇంకా వేడిగానే ఉంది. వేళ్లు కాలినా కింద పడేయకుండా కొంతసేపు పట్టుకుని చూసి, పనిముట్ల పక్కన పెట్టాడు.

మిగిలిన పని త్వరగా అయింది. మరలు కోసే ట్యాపును రంధ్రంలో తిప్పి వాటిని శుభ్రం చేసింది. గీరుకుపోయిన పక్క కూడా మరలు నిలిచే ఉన్నాయి. కొత్త స్టడ్డుకు గ్రీజు రాసి వేలితోనే చివరిదాకా ఎక్కించింది. సందులోంచి గాలి పోకుండా కొత్త గ్యాస్కెట్టు పెట్టి గొట్టం బిగించింది. ట్యాంకు ఎక్కించి, బ్యాటరీ వైరు కలిపి, పక్కకు జరిగింది.

"కొట్టు" అంది.

గురులింగప్ప కిక్కు కొట్టాడు. బండి మెత్తగా, గుండెలోంచి వస్తున్నట్టు, ఒకే తీరుగా ఆడింది. బయట నిలబడి చూస్తున్నవాళ్లలో ఒకతను తల ఊపాడు. గురులింగప్ప యాక్సిలరేటర్ రెండుసార్లు తిప్పి చూశాడు. ఎక్కడా లీకు లేదు.

"ఎంతనో అడుగు" అన్నాడు బస్వరాజ్ వైపు తిరిగి.

"నీ పైసలు నాకొద్దు" అంది మహాదేవమ్మ. "నీ తమ్ముని సగం నాకియ్యి. ఈ జాగాల సగం ఆయ్నది. అది నాదని నలుగురి ముంగట ఒప్పుకో. నేను నిన్ను ఇంకేం అడగ, నువ్వు నా గడప తొక్కకు."

గురులింగప్ప జేబులోంచి తీసిన చెయ్యి తీసినట్టే ఉంది. మల్లేశ్ ఫోటో వైపు చూశాడు. ఈసారి మెడ తిప్పుకోలేదు. తర్వాత బండి తోసుకుంటూ రోడ్డు మీదికి పోయి, ఎక్కి వెళ్లిపోయాడు. మంచి మాట ఒక్కటీ అనలేదు. ఆమె ఎదురు చూడనూ లేదు.

ఎరువుల దుకాణంలో ఎవరో, "మోత పోయిందే, ఎవరు తీసిన్రు?" అని అడిగితే, "తీసిన్రు పో" అన్నాడట. ఎవరో చెప్పలేదు. కానీ ఆడమనిషి చేతి మాట మాత్రం ఆ రోజు నుంచి అతని నోట ఎవరూ వినలేదు. శివశంకరే ఒక రోజు ఇలాంటిదే ఇంకో బండి ఆమె దగ్గరికి పంపాడు, తనే పంపానని చెప్పొద్దని చెప్పి.

చెరకు నరుకుళ్లు మొదలయ్యే ముందు గురులింగప్ప ఇద్దరు మేస్త్రీలను, ట్రాక్టర్ నిండా ఇటుకలను తీసుకుని వచ్చాడు. ఊరి పెద్దలు ఇద్దరు వెంట ఉన్నారు. షెడ్డుకు మధ్యలో గోడ కట్టిస్తానన్నాడు. రోడ్డు వైపు నిలబడి, ఆమెతో కాక పెద్దలతో, "ఇటు పక్క నా తమ్మునిది. అది ఆమెది. అటు పక్క నాది" అన్నాడు. బండి బాగుచేసిన రోజు ఆమె అడిగిన మాట అదే. అతను దాన్ని తిట్టులాగే అన్నాడు.

ఆమె సంతోషం చూపించలేదు. మేస్త్రీలు తాడు కట్టగానే టేపు తీసుకుని వచ్చి రెండు పక్కలా కొలిచింది.

"తాడు నా దిక్కు జానెడు వచ్చింది. జరపుండ్రి" అంది.

మేస్త్రీ గురులింగప్పను చూశాడు. గురులింగప్ప కూడా టేపు పట్టి కొలిచాడు. ఆమె చెప్పింది నిజమే.

"జరపుండ్రి" అన్నాడు.

గోడ లేచిన రెండు రోజులూ ఇద్దరూ చెరో పక్క నిలబడ్డారు. మేస్త్రీలకు టీ ఆమె చెప్పలేదు, అతనూ చెప్పలేదు. బస్వరాజే పోశాడు. గోడ పూర్తయ్యాక గురులింగప్ప తన సగానికి షట్టరు వేయించి తాళం పెట్టుకుని పోయాడు. అందులో దుకాణం పెట్టలేదు, ఎవరికీ అద్దెకు ఇవ్వలేదు. అప్పుడప్పుడు బజారుకు వస్తే తాళం లాగి చూసుకుని పోతాడు. అప్పుడు పక్కనే ఆమె ఉన్నా తల తిప్పడు. ఆమె కూడా చేతిలో పని ఆపదు.

సగం షెడ్డులో ఒకేసారి రెండు బండ్లకు మించి పట్టవు. మూడోది వస్తే రోడ్డు మీదే పెట్టి చేస్తుంది. సిమెంటు ఆరీ ఆరకముందే మహాదేవమ్మ కొత్త గోడకు తన వైపు వరసగా మేకులు కొట్టి, పానాలన్నీ సైజుల ప్రకారం తగిలించుకుంది.